పాప టెన్త్ గ్రేడ్‌లోకి వచ్చింది, కాలేజ్ అడ్మిషన్, ఫైనాన్షియల్ ఎయిడ్ ప్లానింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రిస్కో_అమ్మ

అందరికీ నమస్తే అండి. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పాప ఈ ఆగస్టులో (2025) టెన్త్ గ్రేడ్‌లోకి వచ్చింది, అంటే 2028 ఫాల్‌కి కాలేజ్. బాబు సెవెన్త్. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, మా ఆయన హెచ్-1బి, నేను హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద వర్క్ పర్మిట్) మీద జాబ్ చేస్తున్నా, గ్రీన్ కార్డ్ సంగతి మీకు తెలిసిందే, ఇప్పట్లో వచ్చేలా లేదు. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 190,000 డాలర్ల దాకా వస్తుంది.

మొన్న ఒక పార్టీలో ఈ టాపిక్ వచ్చింది, తలా ఒక మాట చెప్పారు, అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఒకరేమో మీ ఇన్‌కమ్‌కి రూపాయి రాదు ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే ఫామ్) నింపడం టైమ్ వేస్ట్ అన్నారు, ఇంకొకరు వీసా మీద ఉన్నవాళ్ళు అసలు నింపకూడదు, రేపు గ్రీన్ కార్డ్ దగ్గర ఇబ్బంది అవుతుంది అన్నారు. వారం తిరక్కుండా ఒక కౌన్సెలింగ్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి ట్వెల్త్ దాకా ప్యాకేజ్ అని వేలల్లో చెప్పారు, స్కాలర్‌షిప్ గ్యారంటీ అట, ఈ వీకెండ్ లోపు కడితే డిస్కౌంట్ అట.

మా దగ్గర ఉన్నది ఇదీ. పాప పేరు మీద 529లో (కాలేజ్ ఖర్చుల కోసం దాచుకునే అకౌంట్) కొంత ఉంది, అకౌంట్ ఓనర్ మా ఆయన, చిన్నప్పుడు ఎవరో చెబితే యుట్మా అకౌంట్ (పిల్లల పేరు మీద పెద్దవాళ్ళు నడిపేది) తెరిచి షేర్లు కొన్నాం, అది ఇప్పుడు 25,000 అయ్యింది, శంకర్‌పల్లి వైపు ఒక ప్లాట్ ఉంది, అది వచ్చే ఏడాది అమ్మేసి ఆ డబ్బు పాప ఫీజులకి పక్కన పెడదాం అనుకుంటున్నాం. పాప చదువులో బాగుంటుంది, కంప్యూటర్ సైన్స్ అంటుంది, ఒక్కోసారి బయాలజీ అంటుంది. ఇప్పుడే ఏం చెయ్యాలి, ఏది లెవెన్త్ దాకా ఆగొచ్చు, ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

---

ప్లేనో_నాన్న

అమ్మా, మీ పోస్ట్ మొత్తంలో ముందు మాట్లాడాల్సింది ఆ ప్లాట్ గురించి. వచ్చే ఏడాది అమ్ముతాం అన్నారు చూడండి, అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

ఫాఫ్సాలో వాళ్ళు చూసే ఆదాయం కాలేజ్‌లో చేరే ఏడాదిది కాదు, దానికి రెండేళ్ళ ముందు ట్యాక్స్ రిటర్న్. మీ పాప 2028 ఫాల్‌లో చేరుతుంది కాబట్టి మొదటి ఫాఫ్సా 2027 అక్టోబర్‌లో నింపుతారు, దాంట్లోకి వచ్చేది 2026 ట్యాక్స్ రిటర్న్. 2026 జనవరి అంటే పాప టెన్త్ మధ్యలో ఉంటుంది, డిసెంబర్ అంటే లెవెన్త్ మధ్యలో. అందుకే ట్వెల్త్‌లో చూసుకుందాంలే అనుకున్నవాళ్ళు ఫామ్ తెరిచేసరికి వాళ్ళ లెక్క ఎప్పుడో రాసేసి ఉంటుంది. ప్లాట్ 2026లో అమ్మారనుకోండి, ఇండియాలో వచ్చిన లాభం కూడా ఇక్కడ రిటర్న్‌లో చూపించాలి కదా, ఆ గెయిన్ మొత్తం మీ ఏజీఐలో (ట్యాక్స్ రిటర్న్‌లో లెక్కకొచ్చే ఆదాయం) కూర్చుంటుంది, సరిగ్గా పాప మొదటి సంవత్సరం ఎయిడ్ లెక్కలో. 2027లో అమ్మితే రెండో సంవత్సరం మీద పడుతుంది, ఎందుకంటే ఫాఫ్సా ప్రతి ఏడూ కొత్తగా నింపాలి. ఈ 2025 డిసెంబర్ లోపు రిజిస్ట్రేషన్ అయిపోతే ఏ సంవత్సరం లెక్కలోకీ రాదు. అమ్మినా అమ్మకపోయినా ఆస్తిగా ఎలాగూ చూపించాల్సిందే, సొంతంగా ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థలాలు ఇండియాలో ఉన్నా ఆస్తే, కాబట్టి ఆస్తి వైపు తేడా లేదు, తేడా అంతా ఆదాయం వైపే.

అలా అని రేపే బ్రోకర్‌కి ఫోన్ చేసి వచ్చిన కాడికి అమ్మేయకండి. ముందు మీకు ఎయిడ్ వచ్చే అవకాశం ఎక్కడుందో తెలుసుకోండి, ఆ తర్వాతే ఈ జాగ్రత్తలకి విలువ. 190,000 ఆదాయం, నలుగురు మనుషులు అంటే ఎస్ఏఐ (ఏడాదికి మీ ఇల్లు ఎంత పెట్టగలదో ఫాఫ్సా వేసే అంచనా, పాత ఈఎఫ్‌సీకి 2024-25 నుంచి వచ్చిన కొత్త పేరు ఇది) సుమారు 40,000 దగ్గర తేలుతుంది. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆస్టిన్‌లో మన టెక్సాస్ పిల్లలకి హాస్టల్ తిండి అన్నీ కలిపి ఏడాదికి 30,000 చుట్టుపక్కల, అంటే అక్కడ మీకు నీడ్ (ఖర్చులోంచి ఎస్ఏఐ తీసేస్తే మిగిలేది) లేనట్టే, మొత్తం కట్టాల్సిందే. యూటీ సిస్టమ్‌లో ఏజీఐ 100,000 లోపు ఉన్నవాళ్ళకి 2025 ఫాల్ నుంచి ట్యూషన్ ఫ్రీ చేశారు కానీ మీరు ఆ గీత దాటేశారు. అదే మీరు 85,000, 90,000 దగ్గరున్న పెద్ద ప్రైవేట్ కాలేజ్ చూస్తే, మొత్తం నీడ్ తీరుస్తాం అని చెప్పేవాళ్ళ దగ్గర సగం దాకా గ్రాంట్ రావొచ్చు. ఎమ్ఐటీ, హార్వర్డ్ రెండూ 2025 ఫాల్ నుంచి 200,000 లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి ట్యూషన్ ఉండదు అని ప్రకటించాయి, ఆస్తులు మామూలు స్థాయిలో ఉంటేనే అనుకోండి. అంటే మీ ఇంటికే ఒక కాలేజ్‌లో సున్నా, ఇంకో కాలేజ్‌లో ఏడాదికి 50,000. ఇన్‌కమ్ ఎక్కువ కాబట్టి ఏం రాదు అని పార్టీలో తేల్చేసిన మాట అందుకే తప్పు.

దీనికి ఒక మంచి సాధనం ఉంది, నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్. 2011 నుంచి ప్రతి కాలేజ్ తన వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టమే ఉంది. ఈ శనివారం ఇద్దరూ కూర్చుని యూటీ ఆస్టిన్, యూటీ డాలస్, ఒక పెద్ద ప్రైవేట్, ఒక చిన్న ప్రైవేట్, నాలుగింటికి నింపండి. ట్యాక్స్ రిటర్న్, బ్యాంక్ బ్యాలెన్స్, ప్లాట్ విలువ దగ్గర పెట్టుకుని నిజం నంబర్లే వెయ్యండి, ఒకసారి ప్లాట్ లాభం ఆదాయంలో కలిపి ఇంకోసారి తీసేసి చూడండి, తేడా కళ్ళకి కనిపిస్తుంది. నేను చెప్పినదాని కంటే అది గట్టిగా చెబుతుంది.

వీసా గురించి: పాప సిటిజెన్, ఎయిడ్ అడిగేది పాప. తల్లిదండ్రుల స్టేటస్‌తో సంబంధం లేదు. నింపడం ఫ్రీ, సైట్ స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్, పాపకొక అకౌంట్, మీలో ఒకరికొక అకౌంట్ (జాయింట్‌గా ఫైల్ చేస్తే ఒకరు చాలు), ఐఆర్ఎస్ నుంచి డేటా తీసుకోడానికి ఒప్పుకోవాలి, అది ఒప్పుకోకపోతే ఫెడరల్ ఎయిడ్ ఏదీ రాదు. పైగా టెక్సాస్‌లో 2021-22 ట్వెల్త్ బ్యాచ్ నుంచి హైస్కూల్ గ్రాడ్యుయేట్ అవ్వాలంటే ఎయిడ్ ఫామ్ నింపాలి, లేదా వద్దని ఆప్ట్-అవుట్ సంతకం పెట్టాలి, కాబట్టి ఎలాగూ ఆ ఫామ్ మీ ఇంటికి వస్తుంది. ఇంకొకటి, ఆదాయం ఎంతున్నా ఫాఫ్సా నింపితే పిల్లల పేరు మీద ఫెడరల్ లోన్ దొరుకుతుంది, మొదటి ఏడు 5,500, తర్వాత 6,500, ఆ తర్వాత 7,500 చొప్పున. పేరెంట్ ప్లస్ లోన్‌కి (తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్) మాత్రం 2026 జూలై 1 నుంచి ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు, ఇదివరకులా ఖర్చు ఎంతైతే అంతా దాంట్లోంచి లాగేద్దాం అంటే కుదరదు.

ఇక యుట్మా. అది చట్టప్రకారం పాప సొమ్ము. ఫెడరల్ లెక్కలో పిల్లల ఆస్తికి 20 శాతం, తల్లిదండ్రుల ఆస్తికి ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. మీ 25,000 యుట్మాలో ఉంటే ఎస్ఏఐ 5,000 పెరుగుతుంది, అదే డబ్బు 529లో ఉంటే మహా అయితే 1,410. షేర్లు అమ్మి కస్టోడియల్ 529లోకి మార్చొచ్చు, డబ్బు పాపదే ఉంటుంది కానీ ఫాఫ్సాలో పేరెంట్ ఆస్తి కింద లెక్క. ఈ అమ్మకం కూడా 2025 డిసెంబర్ లోపు అయితే ఆ లాభం పాప ఆదాయంలో 2026కి రాదు, పిల్లల ఆదాయంలో ఒక పరిమితి దాటితే సగం లెక్కలోకి తీసుకుంటారు, అది చాలా గట్టి దెబ్బ. ఈ పని మాత్రం వాయిదా వెయ్యకండి, మీ సీపీఏతో (ట్యాక్స్ అకౌంటెంట్) మాట్లాడి ట్యాక్స్ ఎంత పడుతుందో చూసుకుని ఈ రెండు నెలల్లో కానిచ్చేయండి.

401కెలో (ఉద్యోగంలో రిటైర్మెంట్ కోసం దాచుకునేది) ఎక్కువ వేస్తే కూడా లాభమే. 2025కి ఒక్కొక్కరి పరిమితి 23,500 (మీ లెక్కలోకి వచ్చేది 2026 నుంచి వేసింది), వేసినంత మేర ఏజీఐ తగ్గుతుంది, ఇదివరకు ఫాఫ్సాలో దాన్ని తిరిగి కలిపేవాళ్ళు, 2024-25 నుంచి కలపట్లేదు. 401కెలో ఉన్న బ్యాలెన్స్ కూడా ఆస్తి కింద అడగరు.

ఇదంతా ఫాఫ్సా మాట. పెద్ద ప్రైవేట్‌లు చాలావరకు సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఇంకో ఫామ్ అడుగుతాయి, కాలేజ్ బోర్డ్ వాళ్ళది, అది ఇంకా లోతుగా తవ్వుతుంది, ఉంటున్న ఇంటి ఈక్విటీ కూడా అడుగుతుంది, 401కెలో వేసింది కూడా అడుగుతుంది, ఎవరు ఏది ఎంత లెక్కేస్తారో కాలేజ్‌ని బట్టి మారుతుంది. అందుకే నాలుగు క్యాలిక్యులేటర్లు నింపమన్నాను.

---

అట్లాంటా_సుధ

అన్నయ్యగారు డబ్బు వైపు అంతా చెప్పేశారు, నేను అడ్మిషన్ వైపు, మెరిట్ వైపు చెబుతా. మా పెద్దవాడు ఇప్పుడు కాలేజ్‌లో ఉన్నాడు, రెండోది ట్వెల్త్.

మన ఇళ్ళలో ఎక్కువమంది పరిస్థితి ఏంటంటే నీడ్ ఎయిడ్‌కి ఆదాయం ఎక్కువ, ఏడాదికి 90,000 జేబులోంచి కట్టడానికి తక్కువ. ఆ మధ్యలో ఉన్నవాళ్ళకి దారి మెరిట్ స్కాలర్‌షిప్, అది ఏ కాలేజ్‌లు ఇస్తాయి అన్నదే అసలు ప్రశ్న. ఐవీ లీగ్ ఎనిమిదీ మెరిట్ కింద ఒక్క డాలర్ ఇవ్వవు, ఎమ్ఐటీ ఇవ్వదు, స్టాన్‌ఫర్డ్ కూడా ఆటలకి తప్ప ఇవ్వదు. ఎంత టాపర్ అయినా సరే. మెరిట్ ఇచ్చేది ఆ కింద మెట్టులో ఉన్న కాలేజ్‌లు, మంచి స్టూడెంట్స్‌ని లాక్కోవాలి కాబట్టి. పేరు చూసి లిస్ట్ రాసుకుంటే అందులో మెరిట్ ఇచ్చేది ఒక్కటీ ఉండదు, ఏప్రిల్‌లో అన్ని అడ్మిట్లూ చేతిలో పెట్టుకుని ఏదీ కట్టలేక ఏడ్చే పిల్లల్ని నేను చూశా, చాలా బాధేస్తుంది.

ఎలా తెలుసుకోవాలి అంటే ప్రతి కాలేజ్ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టి వెతకండి, పీడీఎఫ్ వస్తుంది. అందులో హెచ్ సెక్షన్‌లో నీడ్ లేని స్టూడెంట్స్‌లో ఎంతమందికి ఎయిడ్ ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు అని ఒక లైన్ ఉంటుంది, హెచ్2ఏ అంటారు. అక్కడ సున్నా ఉంటే ఆ కాలేజ్‌లో మెరిట్ మీద ఆశ పెట్టుకోవద్దు. అదే పీడీఎఫ్‌లో సీ7లో వాళ్ళు దేనికి ఎక్కువ విలువ ఇస్తారో, కోర్సుల కష్టమా, టెస్ట్ స్కోరా, ఎస్సేనా, అన్నీ టిక్కులు పెట్టి ఉంటాయి. కౌన్సెలింగ్ వాళ్ళు వేలు తీసుకుని చెప్పేది చాలావరకు ఈ పీడీఎఫ్‌లోనిదే. గ్యారంటీ అన్న మాట ఎవరు అన్నా ఫోన్ పెట్టేయండి, అడ్మిషన్‌కి గానీ స్కాలర్‌షిప్‌కి గానీ బయటివాళ్ళెవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

టెక్సాస్‌లో మీకు స్కూల్లో పాప ర్యాంక్ చాలా ముఖ్యం. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ బ్యాచ్ నుంచి టాప్ 5 శాతానికి కుదించారు, అంతకుముందు 6 ఉండేది. మిగతా స్టేట్ యూనివర్సిటీలకి టాప్ 10 శాతం, ఇది 1997 నాటి చట్టం. ఫ్రిస్కో లాంటి చోట టాప్ 5 అంటే మాటలు కాదు, అందరూ మన పిల్లల్లాంటివాళ్ళే. పైగా ఆటో అడ్మిషన్ అంటే యూనివర్సిటీలోకి, అడిగిన మేజర్‌లోకి కాదు, కంప్యూటర్ సైన్స్‌కి విడిగా సెలెక్ట్ అవ్వాలి. అప్లై చేసేటప్పుడు లెక్కలోకి వచ్చేది లెవెన్త్ చివరి ర్యాంక్ కాబట్టి ఇప్పుడు టెన్త్, వచ్చే ఏడు లెవెన్త్, ఈ రెండేళ్ళ గ్రేడ్లే పాప చేతిలో ఉన్నవి.

పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు స్కూల్లో రాసే టెస్ట్) విషయం: ఈ అక్టోబర్‌లో రాస్తే అది ప్రాక్టీస్. నేషనల్ మెరిట్‌కి (ఆ స్కోర్ మీద ఇచ్చే దేశవ్యాప్త స్కాలర్‌షిప్) లెక్కలోకి వచ్చేది లెవెన్త్‌లో, అంటే మీ పాపకి 2026 అక్టోబర్‌లో రాసేది ఒక్కటే. దేశం మొత్తంలో 16,000 మంది దాకా సెమీఫైనలిస్టులు, కటాఫ్ రాష్ట్రాన్ని బట్టి, టెక్సాస్‌లో ఎక్కువే ఉంటుంది. వాళ్ళు నేరుగా ఇచ్చే స్కాలర్‌షిప్ 2,500, అది పెద్ద విషయం కాదు, కానీ ఫైనలిస్ట్ అయితే కొన్ని యూనివర్సిటీలు దాదాపు మొత్తం ఖర్చు పెట్టుకుంటాయి, మీ ఇంటి పక్కనే ఉన్న యూటీ డాలస్ వాటిలో ఒకటి, అలబామా యూనివర్సిటీ ఇంకొకటి. కాబట్టి వచ్చే సమ్మర్‌లో ఎస్ఏటీ ప్రిపరేషన్ మొదలుపెడితే రెండింటికీ పనికొస్తుంది. టెస్ట్ ఆప్షనల్ కదా అని వదిలేయకండి, ఎమ్ఐటీ, హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్, యూటీ ఆస్టిన్ అన్నీ మళ్ళీ తప్పనిసరి చేసేశాయి. కాలిఫోర్నియా యూసీలు మాత్రం స్కోర్ పంపినా చూడవు.

ఇంకొక మాట, జాబ్ కోసం స్టేట్ మారే ఆలోచన ఉంటే పాప ట్వెల్త్ అయ్యేదాకా జాగ్రత్త. ఇన్-స్టేట్ ట్యూషన్‌కి చాలా రాష్ట్రాల్లో కనీసం 12 నెలలు అక్కడ ఉండాలి. మా జార్జియాలో హోప్ స్కాలర్‌షిప్ ఉంది, 1993 నుంచి లాటరీ డబ్బుతో నడుస్తోంది, ఆదాయంతో సంబంధం లేదు, గ్రేడ్లు ఉంటే చాలు. టెక్సాస్‌లో అలాంటిది లేదు కానీ స్టేట్ యూనివర్సిటీలు గట్టివి.

---

ఎడిసన్_రాధ

పై రిప్లైలు అన్నీ పిల్లలు సిటిజెన్స్ అయితేనే. ఇది చదివే హెచ్-4 పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నా, మా అబ్బాయి ఇండియాలో పుట్టాడు, మూడేళ్ళప్పుడు వచ్చాం, ఇక్కడే కిండర్‌గార్టెన్ నుంచి చదివాడు, అయినా ఫాఫ్సాకి అర్హత లేదు. సిటిజెన్ లేదా గ్రీన్ కార్డ్ లాంటి స్టేటస్ ఉండాలి. చాలా ప్రైవేట్ కాలేజ్‌లు ఎయిడ్ విషయంలో ఇంటర్నేషనల్ కిందే చూస్తాయి. ఇంటర్నేషనల్ పిల్లలకి కూడా డబ్బు అడిగారని అడ్మిషన్ ఆపకుండా, నీడ్ మొత్తం ఇచ్చేవి కొన్నే, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్ఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ లాంటివి. మిగతాచోట ఎయిడ్ కావాలి అని టిక్ పెడితే అడ్మిషన్ మీద కూడా ప్రభావం ఉంటుంది. మెరిట్ స్కాలర్‌షిప్‌లు చాలా స్టేట్ యూనివర్సిటీల్లో స్టేటస్ అడక్కుండా ఇస్తారు, మేం వాటి మీదే దృష్టి పెట్టాం. ఇన్-స్టేట్ ట్యూషన్ మీ స్టేట్ రూల్ ఏంటో టెన్త్‌లోనే రాతపూర్వకంగా కనుక్కోండి, అడ్మిషన్స్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి ఆ జవాబు దాచుకోండి. 21 దాటితే హెచ్-4 పోతుంది, కాలేజ్ మధ్యలో ఎఫ్-1కి (స్టూడెంట్ వీసా) మారాల్సి రావొచ్చు, దాని గురించి లాయర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

---

ఫ్రిస్కో_అమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని యూటీ ఆస్టిన్‌దీ, ఒక ప్రైవేట్ కాలేజ్‌దీ క్యాలిక్యులేటర్ నింపాం, ప్లేనో అన్నగారు చెప్పినట్టే యూటీలో ఎయిడ్ ఏం రాలేదు, ప్రైవేట్‌లో మాత్రం ప్లాట్ లాభం కలిపితే ఒకలా కలపకపోతే ఇంకోలా వచ్చింది, తేడా చూసి మా ఆయన ప్లాట్ ఇప్పుడప్పుడే అమ్మొద్దు అనేశారు. యుట్మా గురించి సీపీఏకి మెయిల్ పెట్టాం.

ఇంకా మూడు డౌట్లు. ఒకటి, ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజ్‌లో ఉంటే తగ్గుతుంది అంటారు, పాప ఫోర్త్ ఇయర్‌లో ఉండగా బాబు మొదలవుతాడు, అది నిజమా. రెండు, ఎర్లీ డెసిషన్ పెడితే ఈజీగా సీటొస్తుంది అంటున్నారు, ఎయిడ్ కావాల్సినవాళ్ళు పెట్టొచ్చా. మూడోది, ఆయన కంపెనీలో లేఆఫ్‌లు అంటున్నారు, 2026లో ఫుల్ జీతం ఉండి 2027లో జాబ్ పోతే పాత ఆదాయం చూసి ఎయిడ్ ఇవ్వరు కదా, అప్పుడేం చెయ్యాలి. ఇది తల్చుకుంటేనే భయంగా ఉంది.

---

యూటీడీ_స్టూడెంట్

ఆంటీ, పిల్లల వైపు నుంచి ఒక మాట చెబుతా. లెవెన్త్ మొదట్లోనే మా నాన్న నన్ను కూర్చోబెట్టి, ఏడాదికి మనం ఇంత పెట్టగలం, దానికంటే ఎక్కువైతే స్కాలర్‌షిప్ రావాలి, లేదా నీ పేరు మీద ఫెడరల్ లోన్ దాకా, అంతకుమించి వద్దు అని నంబర్ చెప్పారు. కొంచెం బాధనిపించింది కానీ లిస్ట్ రాసుకునేటప్పుడు చాలా క్లారిటీ వచ్చింది. నా ఫ్రెండ్స్‌లో కొందరికి అడ్మిట్ వచ్చాక మార్చిలో తెలిసింది ఇంట్లో కట్టలేరని, అది చాలా ఘోరం. పాపకి ఇప్పుడే చెప్పండి, టెన్త్ పిల్లలు అర్థం చేసుకుంటారు.

ఇంకొకటి, డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లోనే చేసే కాలేజ్ కోర్సులు) తీసుకుంటే టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో బాగా ట్రాన్స్‌ఫర్ అవుతుంది, ఒక సెమిస్టర్ డబ్బు మిగలొచ్చు, కానీ ప్రైవేట్‌లు చాలావరకు తీసుకోవు, ఆ గ్రేడ్ కాలేజ్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉంటుంది, కాబట్టి ఊరికే లోడ్ పెంచుకోవద్దని చెప్పండి. యాక్టివిటీలు కూడా కామన్ యాప్‌లో (చాలా కాలేజ్‌లకి ఒకేచోట అప్లై చేసే సైట్) పది గళ్ళే, ఒక్కోదానికి 150 అక్షరాలే. పది క్లబ్బుల్లో పేరు ఉండేదానికన్నా రెండు మూడు పనులు మూడేళ్ళు చేసినవి ఉంటే రాయడానికి నిజంగా ఏదో ఉంటుంది. బయాలజీయా సీఎస్సా అని ఇప్పుడే ఒత్తిడి పెట్టకండి ఆంటీ, రెండూ కలిసే చోట ఒక ప్రాజెక్ట్ చేసుకోనివ్వండి.

---

ప్లేనో_నాన్న

పైన యూటీడీ బాబు చాలా బాగా చెప్పాడు. అమ్మా, మీ మూడు డౌట్లు.

ఇద్దరు పిల్లల తగ్గింపు ఫాఫ్సాలో 2024-25 నుంచి తీసేశారు. ఇదివరకు ఇద్దరుంటే పేరెంట్ వాటా సగం చేసేవాళ్ళు, ఇప్పుడు ఎంతమంది చదువుతున్నా ఒక్కొక్కరికీ అదే ఎస్ఏఐ. సీఎస్ఎస్ అడిగే ప్రైవేట్‌లు చాలావరకు ఇంకా తగ్గిస్తున్నాయి. మీకు ఆ ఓవర్‌ల్యాప్ ఒక్క ఏడాదే, 2031-32, దాని కోసం ఇప్పుడు ఏమీ మార్చుకోనక్కర్లేదు. కానీ ఆ ఏడాదికి ఇద్దరికీ చూసేది 2029 రిటర్న్, ప్లాట్ అప్పటిదాకా ఉంటే అమ్మే సంవత్సరం ఎంచుకునేటప్పుడు అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఎర్లీ డెసిషన్ బైండింగ్. నవంబర్ 1కి అప్లై చేస్తారు, డిసెంబర్‌లో సీటొస్తే మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి, ఇంకో కాలేజ్ ఆఫర్‌తో పోల్చుకునే అవకాశం ఉండదు. ఎయిడ్ సరిపోకపోతే విడుదల చెయ్యమని అడగొచ్చు, చేస్తారు కూడా, కానీ అది డిసెంబర్‌లో కంగారుగా చేసే పని. నా అభిప్రాయం ఏంటంటే, మొత్తం నీడ్ తీర్చే కాలేజ్ అయ్యుండి, క్యాలిక్యులేటర్‌లో వచ్చిన నంబర్ మీరు ఈరోజే కట్టగలిగేది అయితే పెట్టండి. మెరిట్ మీద ఆధారపడే కాలేజ్‌కి పెట్టకండి, వస్తానని ముందే మాటిచ్చినవాళ్ళకి ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం వాళ్ళకి ఉండదు. ఎర్లీ యాక్షన్ వేరు, అది బైండింగ్ కాదు, చాలా స్టేట్ యూనివర్సిటీల్లో మెరిట్‌కి ఆ తొందరి డెడ్‌లైనే లెక్క, అది ఎక్కడ ఉంటే అక్కడ పెట్టేయండి. అక్టోబర్‌లో ఫాఫ్సా, సీఎస్ఎస్ రెండూ తెరుచుకోగానే నింపేయాలి, నవంబర్ డెడ్‌లైన్ ఉన్నవాళ్ళకి ఎయిడ్ కాగితాల డెడ్‌లైన్ కూడా దాదాపు అప్పుడే వచ్చేస్తుంది.

లెటర్లు వచ్చాక ఒకటి చూసుకోవాలి. చాలా లెటర్లలో గ్రాంట్, స్కాలర్‌షిప్, లోన్, క్యాంపస్ జాబ్ అన్నీ ఒకే కాలమ్‌లో కలిపి మొత్తం ఎయిడ్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఉదాహరణకి ఖర్చు 60,000, ఎయిడ్ 35,000 అని ఉంటే మీరు 25,000 కట్టాలి అనుకుంటారు, లోపలికి చూస్తే గ్రాంట్ 20,000, పాప పేరు మీద లోన్ 5,500, వర్క్ స్టడీ (క్యాంపస్ జాబ్) 2,500, పేరెంట్ లోన్ 7,000. అంటే నిజమైన ధర 40,000. ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2022లో ఈ లెటర్లు పరిశీలించి 91 శాతం కాలేజ్‌లు నికర ధర సరిగ్గా చెప్పట్లేదని తేల్చింది. కాబట్టి ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని గ్రాంట్, స్కాలర్‌షిప్ మాత్రమే తీసేసి మిగిలింది రాసుకోండి. పక్కనే ఇంకో కాలమ్‌లో ఆ స్కాలర్‌షిప్ నాలుగేళ్ళూ వస్తుందా, జీపీఏ ఎంత ఉండాలి అన్నది రాయండి. బయటి స్కాలర్‌షిప్ వస్తే తమ గ్రాంట్‌లోంచి కట్ చేస్తారా అన్నది కూడా అడగండి, కొన్నిచోట్ల చేస్తారు.

ఇక లేఆఫ్ భయం. దీని గురించి నిద్ర పాడుచేసుకోకండి, చట్టంలోనే దారి ఉంది. ఫాఫ్సాలో మాత్రం 2026 ఆదాయమే ఉండాలి, దాన్ని మీరు మార్చకూడదు. ఫామ్ పంపాక ప్రతి కాలేజ్ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌కి విడిగా, జాబ్ పోయింది, ఇప్పటి ఆదాయంతో లెక్క చూడండి అని అడగొచ్చు, దీన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు, ఒక్కో ఫైల్ చూసి మార్చే అధికారం అక్కడి ఆఫీసర్‌కి ఉంటుంది. ఒక కాలేజ్ ఒప్పుకుంటే ఇంకోటి ఒప్పుకోవాలని లేదు. కంపెనీ ఇచ్చిన టర్మినేషన్ లెటర్, చివరి పే స్టబ్, సెవరెన్స్ ఎంత వచ్చిందో కాగితం, అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకుంటే దాని రికార్డ్, ఈ ఏడాది మిగతా నెలల్లో ఎంత వస్తుందో మీ అంచనా, ఇవన్నీ అడుగుతారు, ఆయన ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చే ముందే పే స్టబ్‌లు ఇంటి మెయిల్‌కి పంపుకోమనండి, తర్వాత ఆ పోర్టల్ తెరుచుకోదు. చేరాక మధ్యలో సెకండ్ ఇయర్‌లో జాబ్ పోయినా ఇదే పద్ధతి. ఫామ్ పేరు ఒక్కో కాలేజ్‌లో ఒక్కోలా ఉంటుంది, స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అని అడిగితే చాలు, పంపిస్తారు.